రివర్స్ గేరు గరగర: గేర్‌బాక్స్ దించకుండా బాగుచేసిన ఆటోనగర్ షెడ్డు

మా పాత ఐదు గేర్ల హ్యాచ్‌బ్యాక్‌లో కొంతకాలంగా రివర్స్ వేయబోతే గరగరమని శబ్దం వచ్చేది. ఒక్కోసారి గేరు రాడ్ సగం వరకు వెళ్లి అక్కడే బిగుసుకునేది. ముందు చూపించిన చోట బండి నడిపి చూడకుండానే గేర్‌బాక్స్ దించాలన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో క్లచ్, గేర్‌బాక్స్ పనులు మాత్రమే చేసే ఒక చిన్న షెడ్డుకు తీసుకెళ్లాక లోపం గేర్‌బాక్స్‌లో లేదని తేలింది.

మేస్త్రి మొదట చేసిన పని డ్రైవర్ కాళ్ల దగ్గరి మందపాటి మ్యాట్ తీసి పక్కన పెట్టడం. మ్యాట్ ముడతపడి పెడల్ కిందికి చేరితే క్లచ్ చివరి దాకా దిగదు. తర్వాత ఇంజన్ నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, కాసేపు ఆగి రివర్స్ వేశారు, గరగర వచ్చింది. ఇంజన్ ఆపి వేస్తే మెత్తగా పడింది. "క్లచ్ ఫుల్‌గా రిలీజ్ అవ్వట్లేదు సార్, గేర్‌బాక్స్ ఇప్పుడే దించొద్దు" అన్నారు.

ఈ పరీక్ష విలువ తెలియాలంటే రివర్స్ గేరు పనితీరు తెలియాలి. బండిని ముందుకు నడిపే గేర్ల పళ్లు ఏటవాలుగా ఉండి, ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. గేరు మార్చినప్పుడు సింక్రోమెష్ (సింక్రో) అనే ఏర్పాటులోని ఇత్తడి రింగు రాపిడితో వేగాలను సమానం చేశాకే స్లీవ్ అనే జారే కడ్డీ తొడుగు వచ్చి గేరును పట్టుకుంటుంది. 1928లో కాడిలాక్ కార్లతో వచ్చిన ఈ ఏర్పాటు ఇప్పుడు ముందు గేర్లన్నిటికీ ఉన్నా, చాలా చిన్న కార్లలో రివర్స్‌కు ఉండదు. బండి పూర్తిగా ఆగాకే రివర్స్ వేస్తారన్న లెక్కతో, ఖర్చూ చోటూ కలిసొస్తాయని, తిరిగే దిశను మార్చే నిటారు పళ్ల ఐడ్లర్ గేరును రెండు గేర్ల మధ్యకు నేరుగా జరిపి సరిపెడతారు. వెనక్కి వెళ్లేటప్పుడు వినిపించే సన్నని కూత ఆ నిటారు పళ్లదే.

క్లచ్ తొక్కితే ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ లంకె తెగుతుంది. ఆ తర్వాత కూడా, ఇంజన్ తిప్పుడును గేర్‌బాక్స్‌లోకి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ ఊపు మీద కాసేపు తిరుగుతుంది. అది ఆగకముందే రివర్స్ వేస్తే పళ్లు ఒరుసుకుంటాయి. ఆగాక పన్నుకు పన్ను ఎదురుపడితే శబ్దం లేకుండానే గేరు మొరాయిస్తుంది, అప్పుడు న్యూట్రల్‌లో క్లచ్ ఒకసారి వదిలి మళ్లీ తొక్కితే పళ్లు కొద్దిగా జరిగి గేరు పడుతుంది. ఆగి ఉన్న బండిలో ముందు మొదటి గేరు వేసి వెంటనే రివర్స్‌కు మార్చడమూ మంచి పద్ధతే, ఎందుకంటే మొదటి గేరు సింక్రో ఆ షాఫ్ట్‌ను ఆపేస్తుంది. ఇవన్నీ చేసినా, ఎంతసేపు ఆగినా గరగర పోలేదంటే క్లచ్ ప్లేటు పూర్తిగా విడివడక షాఫ్ట్‌ను తిప్పుతూనే ఉందని అనుమానించాలి.

మా బండిలో దానికి కారణం క్లచ్ కేబుల్. తీసిన కేబుల్‌ను నా చేతికిచ్చి చూపించారు: లివర్ వైపు కొసన ఇనుప పోగులు తెగి విచ్చుకున్నాయి, మిగిలినవి సాగిపోయాయి. కొత్తది వేసి, పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలయ్యేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం) సరిచేశాక రివర్స్ చేతికి తెలియనంత తేలిగ్గా పడింది. గేర్ ఆయిల్ కూడా మార్చమంటే, బండితో వచ్చిన పుస్తకం అడిగి తీసుకుని, అందులో రాసి ఉన్న జీఎల్-4 అనే గ్రేడు ఆయిలే పోశారు. జీఎల్-5 ఇంకా మంచిదని పోయించేవారున్నారు గానీ, అందులో ఎక్కువగా ఉండే గంధకపు రసాయనాలు ఇత్తడి రింగులకు చేటు చేయవచ్చు. అడిగిన పనికి కూడా పుస్తకం చూసి చేసే మేస్త్రి దొరకడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

లోపాలు లేకపోలేదు. కేబుల్, ఆయిల్, కూలి విడివిడిగా రాయకుండా మొత్తం ఒక్క అంకెగా బిల్లు ఇచ్చారు. అడిగాక మాత్రమే విడగొట్టి రాశారు. కూర్చోవడానికి నీడ లేదు, మధ్యాహ్నం దాటాక వెళితే పని మరుసటి రోజుకు పడుతుంది. అయినా రివర్స్ కోసం గేర్‌బాక్స్ దించాలని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, ఒప్పుకునే ముందు ఇలాంటి షెడ్డులో ఇంజన్ నడుస్తుండగా ఒకసారి, ఆపాక ఒకసారి రివర్స్ వేయించి చూడండి.