యమషిత గది, క్రాంజి గోడ: సింగపూర్‌లో నాన్నతో రెండు రోజులు

సింగపూర్ టికెట్లు బుక్ చేశానని ఫోన్ చేస్తే నాన్న అడిగిన మొదటి మాట, "ఫోర్డ్ ఫ్యాక్టరీకి తీసుకెళ్తావా అమ్మా?" అని. ఆయన రిటైరైన సోషల్ టీచరు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ జనరల్ యమషిత తొమొయుకి 70 రోజుల్లో బ్రిటిష్ వాళ్ల నుంచి మలయా (ఇప్పటి మలేషియా ద్వీపకల్పం), సింగపూర్ గెలిచిన కథ నా చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పేవారు. అందుకే రెండు రోజులు ఆ కథకే కేటాయించాను.

ముందు బస సంగతి. ఫేరర్ పార్క్ దగ్గర ఒక చిన్న హోటల్ తీసుకున్నాం. ఫోటోలో కనిపించిన గది వేరు, ఇచ్చింది వేరు. కిటికీ లేదు, రెండు సూట్‌కేసులు తెరిస్తే నడవడానికి చోటు లేదు. మార్చమంటే ఎక్కువ కట్టమన్నారు. మీరు బుక్ చేసేటప్పుడు కిటికీ ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. అయినా ఆ పేటలో దిగినందుకు బాధ లేదు. ఇడ్లీ, సాంబారు నడిచి వెళ్లేంత దూరంలో దొరికాయి, మెట్రో పక్కనే. పైగా సింగపూర్ లొంగిపోయిన రెండు రోజులకు, 1942 ఫిబ్రవరి 17న, వేలాది భారత సైనికులను జపాన్ వాళ్లకు అప్పగించింది ఫేరర్ పార్క్ మైదానంలోనే. కెప్టెన్ మోహన్ సింగ్ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరమని వాళ్లను పిలిచిందీ అక్కడే. నాన్న రెండు ఉదయాలూ వాకింగ్ అటే వెళ్లారు.

మొదటి రోజు ఫోర్డ్ ఫ్యాక్టరీ, ఇప్పుడది మ్యూజియం. లిటిల్ ఇండియా స్టేషన్ నుంచి మెట్రో డౌన్‌టౌన్ లైన్‌లో ఎనిమిదో స్టేషన్ హ్యూమ్, అక్కడ దిగాలి. ఈ స్టేషన్ 2025లో తెరిచారు. అంతకుముందు హిల్‌వ్యూలో దిగి ఇంకా ఎక్కువ నడవాల్సి వచ్చేది. ఫ్యాక్టరీ ఉన్నది రోడ్డు కంటే కాస్త ఎత్తులో, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నెమ్మదిగా ఎక్కాలి. సోమవారం సెలవు. చుట్టుపక్కల తినడానికి ఏమీ కనపడలేదు, బ్యూటీ వరల్డ్ స్టేషన్ దగ్గర తినేసి వెళ్లడం మంచిది.

1941లో కట్టిన కార్ల ఫ్యాక్టరీ ఇది. బుకిట్ తిమా కొండ చేతికి చిక్కాక యమషిత దీన్ని తన స్థావరం చేసుకున్నాడు. 1942 ఫిబ్రవరి 15 సాయంత్రం ఇక్కడి బోర్డు గదిలోనే బ్రిటిష్ జనరల్ పర్సివల్ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. గది చిన్నది, ఒక టేబులు, కుర్చీలు. అసలు టేబులు ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా యుద్ధ మ్యూజియంలో ఉంది, ఇది నమూనా. అయినా ఆ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడిపోయాం. దీవి మీద దాడికి దిగిన జపాన్ సైన్యం సుమారు 30,000. లొంగిపోయినవాళ్లు 80,000కు పైగా. యమషిత దగ్గర ఫిరంగి గుండ్లు అయిపోవస్తున్నాయి. వీధి పోరాటం మొదలైతే తను ఓడిపోతానని ఆయనకు భయం. ఆ భయం బయటపడకుండా, లొంగుతారా లేదా చెప్పమని టేబులు గుద్ది అడిగాడు. పర్సివల్‌కు అవతలి కష్టం తెలియదు. ఊళ్లో నీళ్లు అడుగంటుతున్నాయన్నదే ఆయనకు తెలుసు.

మ్యూజియం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది ఈ గదితో ఆగదు. ఆక్రమణ కాలంలో జనం ఎలా బతికారన్నదే ఎక్కువ భాగం. 2017లో దీన్ని బాగుచేసి, జపాన్ వాళ్లు సింగపూర్‌కు పెట్టిన పేరుతో 'స్యోనాన్ గ్యాలరీ' అన్నారు. జనం బాధపడి అభ్యంతరం చెప్పడంతో రోజుల్లోనే పేరు మార్చారు.

మిగతా కథ నాన్న బయట బెంచీ మీద కూర్చుని చెప్పారు. గెలిచిన కొద్ది నెలలకే యమషితను మంచూరియాకు పంపేశారు. 1944 అక్టోబరులో, ఓటమి దగ్గరపడ్డాక, ఫిలిప్పీన్స్ అప్పగించారు. 1945లో మనీలాలో సుమారు లక్షమంది పౌరులు చనిపోయారు. సెప్టెంబరు 3న బాగియోలో ఆయన లొంగిపోతుంటే అదే గదిలో పర్సివల్ కూర్చుని ఉన్నాడు. కింది సైనికుల అకృత్యాలకు సేనాపతే బాధ్యుడని మనీలాలో విచారణ జరిపారు. అమెరికా సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు ఒప్పుకోలేదు, ఆరుగురు ఒప్పుకున్నారు. 1946 ఫిబ్రవరి 23న ఉరి.

"మరి ఇక్కడ చేసినదానికి?" అని అడిగాను. నాన్న మాట్లాడలేదు. సాయంత్రం బీచ్ రోడ్‌లోని పౌరుల స్మారకానికి తీసుకెళ్లమన్నారు. నాలుగు తెల్లటి స్తంభాలు, 68 మీటర్ల ఎత్తు. కింద గుర్తు తెలియని మృతుల అస్థికలున్నాయి. లొంగుబాటైన మూడు రోజులకే చైనా జాతి మగవాళ్లను వరసల్లో నిలబెట్టి, ఏరి చంపారు. జపాన్ లెక్క ఐదారు వేలు, చైనీయులు చెప్పేది అంతకు ఎన్నో రెట్లు. అప్పుడు సైన్యాధిపతి యమషితే. 1947లో ఇక్కడ ఆ హత్యల మీద విచారణ జరిగేనాటికి ఆయన లేడు. నాన్న చిన్నప్పుడు చెప్పిన కథలో ఈ స్తంభాలు లేవు. "పిల్లలకు ఇది కూడా చెప్పి ఉండాల్సింది," అన్నారు.

రెండో రోజు క్రాంజి, ఆ యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధుల స్థలం. లిటిల్ ఇండియా నుంచి 170 నంబరు బస్సెక్కితే దాదాపు గుమ్మం ముందే దిగొచ్చు. మెట్రోలో వస్తే క్రాంజి స్టేషన్ నుంచి కాస్త నడక. బ్యాంకు వీసా కార్డు ట్యాప్ చేస్తే బస్సుకూ మెట్రోకూ చాలు. ప్రవేశం ఉచితం. నీడ తక్కువ, గొడుగు, నీళ్లు ఉండాలి. ఒక్క పూటే ఉందంటే నేను ఫోర్డ్ ఫ్యాక్టరీ కంటే దీన్నే చూడమంటాను. వాలు మీద 4,400కు పైగా సమాధులు, పైన గోడల మీద సమాధి కూడా దొరకని 24,000కు పైగా పేర్లు. వాళ్లలో చాలామంది మనవాళ్లు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల వెబ్‌సైట్లో పేరు వెతికి, ఏ పలక మీద ఉందో ముందే రాసుకుని వెళ్లండి, లేకపోతే ఎండలో తిరగాలి.

నాన్న వెతికింది 19వ హైదరాబాద్ రెజిమెంట్. ఆ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ 1942 జనవరి 7న మలయాలోని స్లిమ్ నది దగ్గర యమషిత ట్యాంకుల కింద నలిగిపోయింది. పేరు హైదరాబాద్ అయినా అందులో ఎక్కువమంది కుమావూన్ కొండలవాళ్లు, జాట్లు, అహీర్లు. తర్వాత అదే కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం సొంత పటాలం కూడా మలయా వచ్చింది. జపాన్ సేనలు దిగిన మొదటి రాత్రి కోట భారు విమానాశ్రయం దగ్గర కాపలా ఉన్నది వాళ్లే.

పలకల మీద మాకు తెలిసిన ఇంటిపేరు ఒక్కటీ కనిపించలేదు. నాన్న కళ్లజోడు సర్దుకుని ఆ పేర్లన్నీ పైనుంచి కిందికి గట్టిగా చదివారు. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను.