కోనసీమ తేమలో జూక్‌బాక్సా, గ్రామఫోనా?

పాత పాటల యంత్రాలను బాగుచేసే సరదా ఉంటే, అమలాపురంలాంటి చోట ముందు ఏది కొనాలి? నా ఓటు గ్రామఫోనుకే. కన్ను మాత్రం, మీట నొక్కితే కోరిన రికార్డును తానే వేసే జూక్‌బాక్సు మీదే ఉంటుందనుకోండి!

1946 నాటి అమెరికా జూక్‌బాక్సు వుర్లిట్జర్ 1015నే తీసుకోండి. రంగుల గొట్టాల్లో బుడగలు పైకి పాకుతుంటే, పాట లేకపోయినా చూస్తూ కూర్చోవచ్చు. పట్టేవి 24 రికార్డులు. అసలు చిక్కు కరెంటుతో. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది (60 హెర్ట్జ్), మనకు 50. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. దాంతో మోటారు మందగించి, నిమిషానికి 78 చుట్లు తిరగాల్సిన రికార్డు 65 దగ్గరే ఉండిపోతుంది. హుషారు పాట కాస్తా జోలపాట అవుతుంది. పైగా మన తేమకు చెక్క మీది పలుచని పొర పొట్టులా లేస్తుంది. వరద వస్తే అంత బరువును మేడ ఎక్కించేదెవరు?

గ్రామఫోనుకు కరెంటే అక్కర్లేదు, చేత్తో బిగించిన స్ప్రింగుతో తిరుగుతుంది. నా దాని స్ప్రింగు డబ్బా విప్పితే, లోపలి గ్రీజు ముదురు బెల్లంపాకంలా గడ్డకట్టి ఉంది. కిరోసిన్‌తో కడిగి, గ్రాఫైట్ కలిపిన కొత్త గ్రీజు పట్టించాను. బిగువు పూర్తిగా వదలకముందే విప్పితే స్ప్రింగు వేళ్లు కోసేస్తుంది, జాగ్రత్త. ముల్లు కదలికను ధ్వనిగా మార్చే సౌండుబాక్సులో గట్టిపడిన రబ్బరు మార్చాక గొంతు తేరుకుంది. ఉక్కు ముల్లును మాత్రం ఒక వైపు పాడగానే మార్చాలి. పిసినారితనానికి పోతే లక్క రికార్డు గాడి అరిగిపోతుంది.

మీట నొక్కి పాట ఎంచుకునే సుఖం దీనికి లేదు. మూడు నిమిషాలకోసారి లేవాలి. మా అరుగు మీద అందుకే వంతులు వేసుకుంటాం.