సుప్రీంకోర్టు లెక్కలు: ఎన్‌జేడీజీ ఎంతవరకు పనికొస్తుంది?

జిల్లా కోర్టుల, హైకోర్టుల పెండింగ్ కేసుల వివరాలు అంతకుముందు నుంచే నేషనల్ జుడీషియల్ డేటా గ్రిడ్‌లో ఉన్నా, సుప్రీంకోర్టు అందులో చేరింది 2023 సెప్టెంబరు 14న. ఎన్‌జేడీజీగా పిలిచే ఈ పోర్టల్‌ను రుసుము లేకుండా ఎవరైనా చూడవచ్చు. సివిల్, క్రిమినల్ కేసులను, రిజిస్టరైనవాటిని, కానివాటిని (దాఖలైనా ఇంకా కోర్టు రిజిస్టరులోకి ఎక్కనివాటిని) విడదీసి, ఏ సంవత్సరంలో దాఖలైనవి ఇంకా ఎన్ని మిగిలాయో చూపుతుంది. ముగ్గురు, ఐదుగురు, ఏడుగురు, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనాల ముందున్న కేసులను వేరుగా లెక్కకట్టడం నా దృష్టిలో దీని అసలు బలం. మొత్తం అంకెలో వాటి వాటా చిన్నదే అయినా, అలాంటి ఒక్క కేసు తేలితే కింది కోర్టుల్లో ఎన్నో వ్యాజ్యాలకు దారి దొరుకుతుంది.

అయితే ఇక్కడి అంకెను రాసుకునేటప్పుడు తేదీని కూడా రాసుకోవాలి, ఎందుకంటే నిన్నటి లెక్కను నేటి లెక్క చెరిపేస్తుంది. రిజిస్టర్ కాని కేసులను కలిపారా లేదా అన్నది గమనించకుండా రెండు అంకెలను పోల్చడమూ పొరపాటే. ఏళ్ల తరబడి సాగిన దాఖలు, పరిష్కారాల తీరు కావాలంటే సుప్రీంకోర్టు వార్షిక నివేదికలే మేలు.

ఇక ఏ న్యాయమూర్తి ఎటు మొగ్గారన్న ప్రశ్నకు ఎన్‌జేడీజీలో జవాబు లేదు. అది ఫైళ్లను లెక్కిస్తుందే గాని తీర్పులను కాదు. అమెరికా సుప్రీంకోర్టు పరిశోధకులకు ఈ కొరత లేదు. అక్కడ ఉచితంగా దొరికే సుప్రీంకోర్టు డేటాబేస్‌లో 1791 నుంచి వెలువడిన తీర్పులు, ఒక్కొక్క న్యాయమూర్తి ఓటుతో సహా నమోదై ఉన్నాయి. ఒక తీర్పును ఉదారవాదమనో సంప్రదాయవాదమనో ముద్రవేయడం నమోదు చేసేవారి నిర్ణయమే కాబట్టి ఆ ఒక్క గడిని నేను అనుమానంగానే చూస్తాను. ఫలితంతో ఏకీభవించి కారణాలతో విభేదించిన ఓటుకు మాత్రం అందులో ప్రత్యేక సంకేతం ఉంది.

ఆ సంకేతం విలువ, ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించలేదని చెప్పిన గోలక్‌నాథ్ కేసు తీర్పు చదివితే తెలుస్తుంది. 1967లో మన కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 11 మంది ధర్మాసనం 6-5 తేడాతో ఇచ్చిన ఆ తీర్పులో, ఆరుగురిలో ఒకరైన జస్టిస్ హిదయతుల్లా తన కారణాలను విడిగా రాశారు. ఉత్త 6-5 అని నమోదు చేస్తే ఆ తేడా మాయమవుతుంది. అందుకే మన కోర్టు మీద ఇలాంటి పని తలపెట్టినవారు, 2023 జనవరిలో ఉచితంగా అందుబాటులోకి వచ్చిన ఈ-ఎస్‌సీఆర్‌లో (సుప్రీంకోర్టు అధికారిక తీర్పుల సంపుటాల ఆన్‌లైన్ రూపంలో) తీర్పులు చదివి, సొంత పట్టిక తయారుచేసుకోక తప్పదు. అనేక తీర్పులకు తెలుగు అనువాదాలు కూడా వచ్చాయి. విషయం పట్టుకోవడానికి అవి బాగా ఉపకరిస్తాయి గాని, ప్రామాణికం ఆంగ్ల పాఠమే కనుక పట్టికలో ఎక్కించేది మాత్రం దాన్ని చూసే ఎక్కించాలి.