బైల్‌స్టైన్ నానోటెక్నాలజీ జర్నల్: ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్ రివ్యూ

మా కాలేజీ వెనక చెరువు నిండా తామరలే. నానో పాఠం మొదలుపెట్టే రోజున ఇద్దరు పిల్లల్ని పంపి రెండు ఆకులు తెప్పిస్తాను. టేబుల్ మీద పరిచి డ్రాపర్‌తో నీళ్లు వేస్తే బొట్లు పాదరసంలా దొర్లిపోతాయి. తామరాకు మీద నీటిబొట్టు అన్న మాట వినని పిల్లలుండరు. నీళ్లు ఎందుకు అంటుకోవో చెప్పమంటే మాత్రం, "ఆకు మీద నూనె ఉంటుందేమో మేడమ్" అంటారు. అప్పుడు ప్రొజెక్టర్ మీద ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో వేస్తాను. ఆకు పైభాగమంతా సన్నటి బొడిపెలు. ఒక్కో బొడిపె ఒళ్లంతా దట్టంగా మైనపు గొట్టాలు, ఒక్కో గొట్టం మందం సుమారు 100 నానోమీటర్లు (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు). నీటిబొట్టు ఆ కొసల మీదే నిలబడుతుంది, కింద అంతా గాలి. క్లాసు నిశ్శబ్దమైపోతుంది.

ఆ ఫొటో ఉన్న పరిశోధనా పేపర్ జర్మనీలోని బాన్ యూనివర్సిటీలో వృక్షశాస్త్రవేత్త బార్ట్‌లాట్ బృందం రాసినది. 2011లో బైల్‌స్టైన్ జర్నల్ ఆఫ్ నానోటెక్నాలజీ రెండో సంపుటిలో 152వ పేజీ నుంచి ఉంటుంది. ఆ జర్నల్‌ను నేను పదేళ్లకు పైగా చదువుతున్నాను. మా వాళ్లు చాలామందికి దీని పేరు తెలియదు, అందుకే ఈ రివ్యూ.

జర్నల్ మొదలైంది 2010లో. అప్పటికే ఈ రంగంలో పెద్దపెద్దవి పాతుకుపోయి ఉన్నాయి. బ్రిటన్ నుంచి 'నానోటెక్నాలజీ' 1990 నుంచే వస్తోంది. అమెరికన్ కెమికల్ సొసైటీ 2001లో 'నానో లెటర్స్', 2007లో 'ఏసీఎస్ నానో' తెచ్చింది. మధ్యలో 2006లో 'నేచర్ నానోటెక్నాలజీ' వచ్చింది. అంత పోటీలో ఇంకో జర్నల్‌కు చోటెక్కడిది అని ఎవరైనా అనుకుంటారు. వీళ్లు పట్టుకున్న దారి వేరు. చదివేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు, రాసేవాళ్ల దగ్గరా తీసుకోరు. ఖర్చంతా ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బైల్‌స్టైన్ ఇన్‌స్టిట్యూట్ అనే ఫౌండేషన్ భరిస్తుంది. మాక్స్ ప్లాంక్ సొసైటీ దాన్ని 1951లో స్థాపించింది. ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినవాళ్లకు రసాయన శాస్త్రవేత్త బైల్‌స్టైన్ పేరు కొత్త కాదు, 1881లో ఆ రంగానికి పెద్ద హ్యాండ్‌బుక్ ప్రచురించడం మొదలుపెట్టింది ఆయనే. ఇదే పద్ధతిలో 2005 నుంచి ఆర్గానిక్ కెమిస్ట్రీ జర్నల్ నడుపుతున్న అనుభవంతోనే నానోలోకి దిగారు. జర్మనీలోని కార్ల్స్‌రూ నుంచి థామస్ షిమ్మెల్ తొలి ప్రధాన సంపాదకుడు.

ఎంత ఎదిగిందో చూడాలంటే నేనైతే పేజీ నంబర్లు చూస్తాను. మొదటి సంపుటి 200 పేజీలు దాటలేదు. 2019లో వచ్చిన పదో సంపుటి 2,000 దాటిపోయింది. ఆ తర్వాత సంపుటాలు మళ్లీ కొంచెం సన్నబడ్డాయి. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు, పైగా నమ్మకం పెరిగింది. పేపర్‌కు ఇంత అని వసూలు చేసే చోట పేపర్లు పెరిగితే ఆదాయం పెరుగుతుంది. ఇక్కడ ఒక పేపర్ ఎక్కువ వేస్తే వాళ్లకు ఖర్చే. కాబట్టి మంచి పేపర్ వస్తేనే వేస్తారు, సంఖ్య కోసం వేయాల్సిన అవసరం లేదు.

ఈ తేడా నాకు బాగా తెలిసొచ్చిన సంఘటన ఒకటుంది. పీహెచ్‌డీలో ఉండగా జింక్ ఆక్సైడ్ నానోకణాల మీద నా మొదటి పేపర్‌ను ఒక జర్నల్‌కు పంపాను. పేరు ఇక్కడ చెప్పను. నాలుగు రోజుల్లో 'యాక్సెప్టెడ్' అని మెయిల్ వచ్చింది, దాని కిందే 900 డాలర్ల బిల్లు. రివ్యూయర్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌-కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) గ్రాఫ్‌లో ఒక పీక్‌కు నేను తప్పు నంబర్ వేశాను, అదీ ఎవరూ చూడలేదు. రెండు నెలల జీతం పోతుందన్న టెన్షన్ ఒకవైపు, తప్పుతోనే అచ్చవుతుందన్న బాధ ఇంకోవైపు. పేపర్ వెనక్కి తీసుకున్నాను. ఇప్పటికీ ఆ మెయిల్ దాచుకున్నాను, స్కాలర్లకు చూపించడానికి.

చదవడం విషయానికొస్తే, కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి దాదాపు 13,000 జర్నళ్లను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తోంది. చాలా మంచి పని. మాది ప్రైవేటు కాలేజీ, ఆ జాబితాలో లేదు. మా పిల్లలు ఫోన్లో పేపర్ తెరిస్తే చాలాచోట్ల సారాంశం దగ్గరే ఆగిపోవాలి. బైల్‌స్టైన్‌లో పీడీఎఫ్ మొత్తం దిగుతుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉంది కాబట్టి, రచయితల పేర్లు వేసి బొమ్మలు క్లాసులో, ప్రాజెక్టు రికార్డులో వాడుకోవచ్చు.

కొత్తగా చేరిన స్కాలర్ ఎవరైనా ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే 2018 సంపుటిలో 1050వ పేజీ దగ్గర మొదలయ్యే సమీక్షా వ్యాసం ఇస్తాను. నానోకణాల చరిత్ర, అవి ఎక్కడ పుడతాయి, వాటి విషప్రభావం, వాటి మీద ఉన్న నియమాలు అన్నీ ఒక్కచోట ఉంటాయి. ప్రపంచమంతా వేల సార్లు ఉదహరించిన వ్యాసం అది. ఒకే అంశం మీద పేపర్లు పోగుచేసి ఇచ్చే ప్రత్యేక సంచికలు కూడా నాకు ఇష్టం. నీళ్లలో వెల్లకిలా ఈదే పురుగు ఒంటి మీద గాలి పొర ఎలా పట్టుకుంటుందో చెప్పే పేపర్ కూడా తామరాకు పేపర్ పక్కనే ఉంటుంది.

లోటు లేదా అంటే ఉంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉదహరిస్తున్నారో చెప్పే నంబర్, 'నానో లెటర్స్', 'ఏసీఎస్ నానో' కంటే బాగా తక్కువ. ఇంటర్వ్యూ కమిటీలో నంబర్ ఒక్కటే చూసేవాళ్లుంటే అది నష్టమే, పంపేముందు మీ గైడ్‌తో మాట్లాడండి. ఏదో ఒక పదార్థం తయారుచేసి నాలుగు గ్రాఫులు పెడితే చాలనుకుంటే ఇక్కడ కుదరదు, కొత్త విషయం చూపించాలి. బ్యాటరీలు, సెన్సర్ల పనే చేసేవాళ్లకు వేరే జర్నళ్లలో ఎక్కువ మేత దొరుకుతుంది. ఉపరితలాలు, స్కానింగ్ ప్రోబ్ మైక్రోస్కోపీ (సన్నటి సూదిమొనతో ఉపరితలాన్ని తడిమి చూసే పద్ధతి), ప్రకృతిని చూసి నేర్చుకునే పదార్థాల మీద పనిచేసేవాళ్లు మాత్రం దీన్ని తప్పకుండా చూడాలి.

మొన్న తామరాకు క్లాసులో వెనక బెంచీ అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. ఆకులకు శ్వాసరంధ్రాలు ఎక్కువగా అడుగున కదా ఉంటాయి, నీళ్ల మీద పరుచుకున్న ఆకుకు ఎలా మేడమ్ అంది. పేపర్ పేరు ఇచ్చి చదివి రమ్మన్నాను. మర్నాడు ఫోన్ పట్టుకుని స్టాఫ్ రూమ్‌కే వచ్చేసింది. తామరకు రంధ్రాలు పైవైపే ఉంటాయట, వాటిని నీళ్లు కమ్మేయకుండా ఉండాలనే పైవైపు అంత గట్టి ఏర్పాటు అయ్యుండొచ్చట. "పది పేజీలూ చదివాను మేడమ్, కింద ఇచ్చిన పాత పేపర్లు కూడా ఇలాగే ఫ్రీనా?" అని అడిగింది.