జీటీటీ మేలా, రోజువారీ స్టాప్‌లాస్ మేలా?

డెలివరీకి కొన్న షేర్లకు రక్షణగా జీటీటీ (గుడ్ టిల్ ట్రిగ్గర్డ్, అంటే ధర మనం చెప్పిన చోటికి చేరేదాకా వేచి ఉండే ఆర్డర్) పెట్టుకోవాలా, ప్రతి ఉదయం స్టాప్‌లాస్ ఆర్డర్ (ధర పడితే నష్టం పెరగకుండా అమ్మేసేది) వేసుకోవాలా అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. అడిగేవారిలో ఎక్కువమంది మార్కెట్ వేళల్లో ఫోను తీయడానికి వీలుపడని ఉద్యోగులు. కొందరు న్యూజెర్సీ వంటి చోట్ల ఉన్నవారు, చలికాలంలో మన మార్కెట్ తెరిచే ఉదయం 9:15 వారికి ముందురోజు రాత్రి 10:45 అవుతుంది. నేను రెండు పద్ధతులూ వాడాను. ఈ ఏడాది దీర్ఘకాలం ఉంచుకునే షేర్లన్నిటికీ జీటీటీకి మారాను.

స్టాప్‌లాస్ ఆర్డర్ వేసిన వెంటనే ఎక్స్ఛేంజికి చేరి అక్కడే వేచి ఉంటుంది. బ్రోకరు యాప్ మధ్యాహ్నం మొరాయించినా, ధర ట్రిగ్గర్‌ను (ఆర్డర్ కదలాలని మనం పెట్టిన ధరను) తాకితే అది కదులుతుంది. జీటీటీ మాత్రం బ్రోకరు సర్వర్‌లోనే ఉండి, ధర తాకినప్పుడే ఎక్స్ఛేంజికి ఆర్డర్ పంపుతుంది. ఈ ఒక్క విషయంలో స్టాప్‌లాస్‌దే పైచేయి. అయితే అది సాయంత్రం 3:30కి రద్దవుతుంది, మర్నాడు మళ్ళీ వేయాలి. జీటీటీ చాలామంది బ్రోకర్ల దగ్గర ఏడాది పాటు నిలుస్తుంది. ఓసీఓ (ఒకటి జరిగితే రెండోది రద్దయ్యే జంట ఆర్డర్) ఎంచుకుంటే లక్ష్యం ధర, నష్టం ధర రెండూ ఒకేసారి పెట్టుకోవచ్చు.

నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చేది వీటిలో ఏదీ కాదు. ట్రిగ్గర్ తాకిన తరువాత ఆర్డర్ ఏమవుతుంది, అది మనకు ఎక్కడ కనిపిస్తుంది అన్నదే అసలు విషయం. నేను ఒక షేరును 500 రూపాయలకు కొని, జీటీటీలో ట్రిగ్గర్ 460, లిమిట్ (అమ్మడానికి ఒప్పుకునే కనీస ధర) 459 పెట్టాను. త్రైమాసిక ఫలితాల మర్నాడు అది 448 దగ్గర మొదలైంది. జీటీటీ పేజీలో ‘ట్రిగ్గర్డ్’ అని చూసి అమ్ముడుపోయిందనుకున్నాను. ఆర్డర్ బుక్‌లో (యాప్‌లో ఆ రోజు ఆర్డర్ల జాబితాలో) మాత్రం 459 లిమిట్‌తో ఆ అమ్మకం సాయంత్రం దాకా ‘ఓపెన్’గానే ఉండి, చివరికి రద్దయింది. జీటీటీ ఒక్కసారే పనిచేస్తుంది కనుక, మర్నాటికి ఆ షేరుకు ఏ రక్షణా మిగల్లేదు.

దీనికి విరుగుడు సులువే, కానీ చాలామంది జంకుతారు. అమ్మకపు లిమిట్‌ను ట్రిగ్గర్ కంటే బాగా కిందికి, పై ఉదాహరణలో 440 దాకా, దించి పెట్టాలి. 440 లిమిట్ అంటే 440కే అమ్మడం కాదు, అంతకు తక్కువకు అమ్మవద్దని చెప్పడం. ఆ క్షణంలో కొనేవారు 448 ఇస్తుంటే 448కే అమ్ముడవుతుంది. తక్కువ లావాదేవీలు జరిగే షేర్లలో ఈ తేడాను ఇంకా పెంచాలి. లోయర్ సర్క్యూట్‌లో (ఆ రోజుకు ధర పడగల అట్టడుగు హద్దులో) ఇరుక్కుని కొనేవారే లేని షేరును మాత్రం ఈ రెండు పద్ధతుల్లో ఏదీ అమ్మించలేదు.

రోజువారీ స్టాప్‌లాస్ వాడేవారికీ ఇలాంటి చిక్కు ఉంది. ధర అప్పటికే 448కి పడిపోయి ఉంటే, 460 ట్రిగ్గర్‌తో అమ్మకపు స్టాప్‌లాస్‌ను సిస్టమ్ అంగీకరించదు, ట్రిగ్గర్ మార్కెట్ ధరకు దిగువన ఉండాలి. ట్రిగ్గర్ తాకగానే దొరికిన ధరకు అమ్మేసే, లిమిట్ బెడద లేని స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డర్ ఉందిగా అనవచ్చు. కానీ ఆప్షన్లలో ఎన్‌ఎస్‌ఈ దాన్ని 2021 సెప్టెంబరులో ఆపింది, బీఎస్‌ఈ 2023 అక్టోబరులో పూర్తిగా తొలగించింది. ఎన్‌ఎస్‌ఈలో షేర్ల వరకు మాత్రం అది ఇంకా పనికొస్తుంది.

జీటీటీ ఎంచుకునేవారు డీడీపీఐ పత్రం (అమ్మిన షేర్లను మన డీమ్యాట్ ఖాతా నుంచి తీసుకోవడానికి బ్రోకరుకు ముందే ఇచ్చే అనుమతి) ఇచ్చారో లేదో ముందే చూసుకోవాలి. అది లేకపోతే ఏ రోజు అమ్మాలో ఆ రోజు టీపిన్‌తో (డీమ్యాట్ ఖాతా రహస్య సంఖ్యతో) అనుమతించాలి. అనుమతి లేని రోజున ట్రిగ్గర్ తాకితే ఆర్డర్ తిరస్కరణకు గురవుతుంది. రాత్రి నిద్రలో ఉన్న న్యూజెర్సీ పాఠకుడికి జీటీటీ వల్ల కలగాల్సిన నిశ్చింత అంతా ఇక్కడే పోతుంది. కొనడానికి పెట్టిన జీటీటీ కూడా డబ్బును పక్కన పెట్టదు, తాకిన క్షణంలో ఖాతాలో సొమ్ము ఉండాలి. బోనస్, స్ప్లిట్ వచ్చినప్పుడు పాత జీటీటీ ఇంకా ఉందో లేదో చూసుకోవడం తప్పనిసరి.

మిగతా దారుల సంగతికొస్తే, ధర అలర్టులు కేవలం కబురు చెబుతాయి, అమ్మి పెట్టవు. బ్రాకెట్ ఆర్డర్లు (లక్ష్యం, స్టాప్‌లాస్ కలిపి వేసేవి) ఇంట్రాడే వారి కోసం, అంటే కొన్న రోజే అమ్మేవారి కోసం, చాలామంది బ్రోకర్లు వాటిని ఎప్పుడో ఆపేశారు.

ఇంట్రాడే చేసేవారు, అప్పు మార్జిన్‌తో పొజిషన్ తీసుకున్నవారు ఎక్స్ఛేంజిలో ఉండే స్టాప్‌లాస్‌నే వాడాలి, ఎలాగూ తెర ముందే ఉంటారు. ఉద్యోగం చేస్తూ నెలల తరబడి షేర్లు ఉంచుకునేవారికి మాత్రం నేను డీడీపీఐ ఇచ్చి, లిమిట్‌ను దించి పెట్టిన జీటీటీనే చెబుతాను. ఫోనుకు ‘ట్రిగ్గర్డ్’ అని సందేశం వచ్చిన రోజున 3:30 లోపు ఒక్కసారి ఆర్డర్ బుక్ తెరిచి, ఆ ఆర్డర్ పక్కన ‘ఎగ్జిక్యూటెడ్’ అని ఉందో లేదో చూడండి. ‘ఓపెన్’ అని ఉంటే, మార్కెట్ మూసేలోగా లిమిట్‌ను అప్పటి ధరకు మార్చండి.