థీసిస్ ఉన్న ఎం.ఫార్మసీనా, థీసిస్ లేని ఎమ్మెస్సా: ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం వైపు బి.ఫార్మసీ పూర్తిచేసినవాళ్లలో చాలామంది ఈ రెండింటి మధ్యే ఊగుతుంటారు. ఒకటి ఇక్కడే రెండేళ్ల ఎం.ఫార్మసీ, పరిశోధన చేసి థీసిస్ రాయాల్సింది. రెండోది థీసిస్ లేకుండా, సబ్జెక్టులు చదివి క్రెడిట్లు (సబ్జెక్టుకిన్నని ఇచ్చే పాయింట్లు) నింపుకుంటే చాలనే విదేశీ ఎమ్మెస్. అక్కడికి వెళ్లి చదవొచ్చు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనూ చదవొచ్చు. ఫీజుల లెక్క తర్వాత. ఆ డిగ్రీతో ఏ ఉద్యోగం అడగబోతున్నారో ముందు తేల్చుకోవాలి.

పాఠాలు చెప్పాలనుకుంటే వాదనే లేదు. ఫార్మసీ కౌన్సిల్ నిబంధనల్లో బి.ఫార్మసీ వాళ్లు లెక్చరర్ కావాలంటే ఎం.ఫార్మసీ ఉండాలి. దూరవిద్యలో చేసిన ఫార్మసీ డిగ్రీలను కౌన్సిల్ ఒప్పుకోదు.

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలోని మందుల కంపెనీల్లో చేరాలనుకునేవాళ్లు మాత్రం ఆగి ఆలోచించాలి. అక్కడ బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) తయారీయే ఎక్కువ. క్యూసీ (నాణ్యత పరీక్షించే ల్యాబు) ఉద్యోగాలకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లూ పోటీకి వస్తారు. వాళ్లకంటే మీరు ముందుండేది యంత్రం మీద చెయ్యి తిరిగి ఉంటేనే. ఎం.ఫార్మసీలో మొదటి రెండు సెమిస్టర్లు 26 క్రెడిట్ల చొప్పున క్లాసులు, ల్యాబులు. తర్వాతి ఏడాది దాదాపు పరిశోధనే. అసలు విలువ ఆ రెండో ఏడాదిదే. అనాలిసిస్ బ్రాంచి తీసుకున్నవాళ్లు హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద ఒక మెథడ్‌ను, అంటే పరీక్షించే పద్ధతిని, మొదటి నుంచి చివరిదాకా వాలిడేట్ చేస్తే (నమ్మదగినదని రుజువు చేస్తే), లీనియారిటీకి (గాఢతకు తగ్గట్టే రీడింగు పెరుగుతోందా) కనీసం 5 గాఢతలు, యాక్యురసీకి (విలువ సరిగ్గా వస్తోందా) 3 స్థాయిల్లో 9 రీడింగులు, రిపీటబిలిటీకి (మళ్లీ మళ్లీ చేసినా అదే వస్తోందా) 100 శాతం గాఢత దగ్గర 6 రీడింగులు చేతి మీదుగా వెళ్తాయి. గ్రాఫ్‌లో పీక్ ఎందుకు తోక లాగుతోంది, ఫాస్ఫేట్ బఫర్ అనే ఉప్పు ద్రావణాన్ని కడగకుండా కాలమ్‌లో (పదార్థాలను విడదీసే గొట్టంలో) వదిలేస్తే ఏమవుతుంది అని ఇంటర్వ్యూలో అడిగితే జవాబు అక్కడినుంచే వస్తుంది. బఫర్ ఉన్న కాలమ్‌లోకి నేరుగా అసిటోనైట్రైల్ అనే ద్రావకం ఎక్కిస్తే ఉప్పు గడ్డకట్టి ప్రెషర్ పెరిగిపోతుంది. ముందు నీళ్లు ఎక్కువున్న మిశ్రమంతో కడగాలి. ఇది స్లైడ్లు చూస్తే వచ్చే విద్య కాదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. హెచ్‌పీఎల్‌సీ పనిచేయని కాలేజీలో చేరి, థీసిస్ పనిని బయటి ల్యాబుకు డబ్బిచ్చి చేయించుకుంటే ఎం.ఫార్మసీ కూడా పేరుకే. చేరే ముందే ల్యాబుకెళ్లి యంత్రం లాగ్‌బుక్ చూడండి. ఎంట్రీలు నెలల కిందట ఆగిపోయి ఉంటే ఆ సీటు వద్దు.

ఇక డబ్బు సంగతి. ఎం.ఫార్మసీలో చేరడానికి దేశవ్యాప్తంగా జరిగే జీప్యాట్ 500 మార్కుల పరీక్ష. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. అర్హత సాధించి చేరితే నెలకు రూ.12,400 స్కాలర్‌షిప్ 24 నెలలు వస్తుంది, కాకపోతే మీ కాలేజీ దానికి అర్హమైనదో కాదో ముందే కనుక్కోవాలి. జీప్యాట్ రాకపోతే రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్: 120 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు, ఈ స్కాలర్‌షిప్పూ రాదు.

విదేశీ ఎమ్మెస్ వైపు జనం ఎక్కువగా పొరబడేది ఒకచోట. అమెరికాలో అది చేస్తే ఫార్మసిస్టు కావచ్చనుకుంటారు. కాలేరు. 2003 తర్వాత పట్టా పొందిన విదేశీయులు అక్కడి అర్హత పరీక్ష రాయాలంటే ఫార్మసీ కోర్సే ఐదేళ్లది అయి ఉండాలి. మన బి.ఫార్మసీ నాలుగేళ్లదే, మీద ఎమ్మెస్ చేసినా ఆ లోటు పూడదు. కంపెనీ ఉద్యోగానికైతే పనికొస్తుంది, అదీ అక్కడికి వెళ్లి చదివితే. ఆన్‌లైన్ డిగ్రీతో స్టూడెంట్ వీసా రాదు, చదువు తర్వాత పనిచేసే అనుమతీ రాదు.

అయినా థీసిస్ లేని కోర్సు దండగని అనం. ఇప్పటికే రెగ్యులేటరీలోనో (మందులకు అనుమతులు తెచ్చే విభాగం) క్యూఏలోనో (నాణ్యతకు పూచీపడే విభాగం) నాలుగైదేళ్లు పనిచేసి, డాసియర్లు (అనుమతి కోసం ఇచ్చే పత్రాలు) రాయడం తెలిసి, ప్రమోషన్‌కు పీజీ అడ్డుపడుతున్నవాళ్లకు అది చక్కగా సరిపోతుంది. ల్యాబు అనుభవం వాళ్లకు ముందే ఉంది. కావాల్సింది సబ్జెక్టు, కాగితం. మీ కంపెనీ ఆ డిగ్రీని లెక్కలోకి తీసుకుంటుందో లేదో ఫీజు కట్టకముందే హెచ్‌ఆర్‌తో మెయిల్‌లో రాయించుకోండి.