ట్రాన్స్‌పరెంట్ ఫ్యూయల్ ఫిల్టర్: నెల వాడాక నా రివ్యూ

నా బైక్ కార్బ్యురేటర్ (ఇంజిన్‌కి పెట్రోల్, గాలి కలిపి పంపే భాగం) ఇంట్లోనే క్లీన్ చేసుకున్నాను. అన్నీ బిగించాక ఐడ్లింగ్ (బండి నిలబెట్టి ఉంచితే ఇంజిన్ నడవడం) సూపర్, కానీ రోడ్డెక్కి రేజ్ చేస్తే రెండు నిమిషాల్లో ఆగిపోతుంది, కాసేపాగి కిక్ కొడితే మళ్ళీ స్టార్ట్. అంటే కార్బ్యురేటర్ కింద పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె, అదే ఫ్లోట్ బౌల్‌లో పెట్రోల్ అయిపోతోంది, పైనుంచి సరిపడా రావట్లేదు. ట్యాంక్ మూత వదులు చేసి చూశా, దాని గాలి రంధ్రం మూసుకుపోయినా ఇలాగే అవుతుంది కదా, తేడా లేదు. ఇంజిన్ చల్లారాక కార్బ్ దగ్గర పైపు పీకి సీసాలో పడితే సన్నటి ధార, పాత ఫిల్టర్ తీసేస్తే మాత్రం ధారాళంగా వచ్చింది. ఆ ఫిల్టర్ లోపలంతా ట్యాంక్ తుప్పే!

అందుకే ఇది కొన్నా. లోపల పెట్రోల్ కనిపిస్తుంది, తుప్పు చేరితే వెంటనే తెలిసిపోతుంది, బాణం గుర్తు కూడా క్లియర్‌గా ఉంది, అది కార్బ్ వైపు చూడాలి. బండి ఇప్పుడు ఎక్కడా ఆగట్లేదు, చాలా హ్యాపీ.

కానీ దీంతో వచ్చిన పైపు గట్టిగా ఉంది, ట్యాంక్ తిరిగి దాని చోట పెట్టగానే మడత పడి మళ్ళీ అదే ప్రాబ్లం వచ్చింది, నా పాత పైపే వేసుకున్నా. క్లిప్పులూ లూజే, లీక్ చెక్ చేయకుండా స్టార్ట్ చేయొద్దు ప్లీజ్. ఫ్యూయల్ పంప్ లేని బండి అయితే పేపర్ రకం వద్దు, ఇలా జాలీ ఉన్నదే తీసుకోండి. 5కి 4.